ఫ్లోరిసెల్ జేబులో పది ఆశ్చర్యాలు

"ఇంకా ఎంతసేపు తాతా? వాళ్లసలు వస్తారా, రారా?"

ఫ్లోరిసెల్ ఇలా అడగడం అది ఆరోసారి. అడవి గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్న ఎలీహియో తాత టోపీ సర్దుకున్నాడు గానీ జవాబు చెప్పలేదు. ఆ పిల్ల జవాబు కోసం అడగడం లేదని ఆయనకి తెలుసు. కాలుగాలిన పిల్లిలా గేటుకీ బెంచీకీ మధ్య తిరుగుతూనే ఉంది. పదకొండేళ్లు వచ్చాయి. ఒక్క నిమిషం నిలకడగా నిలబడటం మాత్రం ఇంకా రాలేదు.

తిరుగుతూనే మాటిమాటికీ ఎడమ జేబులో చెయ్యి పెట్టి తడుముకుంటోంది. అందులో పది నల్లచిక్కుడు గింజలున్నాయి. అవి ఎందుకో చెప్పాలంటే గురువారం నాటి ఇంగ్లీషు క్లాసుకి వెళ్లాలి.

ఆ రోజు రోసౌరా టీచర్ ఆశ్చర్యపోయినప్పుడు అనే మాటలు పది బోర్డు మీద రాసింది. వావ్, నో వే, రియల్లీ, అమేజింగ్, ఫెంటాస్టిక్, ఇంక్రెడిబుల్, అన్‌బిలీవబుల్, గుడ్ హెవెన్స్, ఓ మై గుడ్‌నెస్, వాట్ ఎ సర్‌ప్రైజ్.

"సోమవారంలోగా వీటిని నిజం మనుషులతో వాడండి. ఎవరితో వాడారో, ఎందుకు వాడారో వచ్చి చెప్పండి" అంది.

ఆ తర్వాత ఇంకో మాట కూడా అంది. "ఇవి ముందే తయారుగా పెట్టుకునే మాటలు కావర్రా. అవతలివాళ్లు చెప్పింది విన్నాకే వీటికి పని."

ఆ మాట ఫ్లోరిసెల్ చెవిన పడలేదు. అప్పటికే పక్క బెంచీలోని విల్‌ఫ్రిదోతో పందెం కాస్తోంది.

"పదికి పదీ వాడేస్తా, చూస్కో."

"నువ్వా? ఎవరితో? నేనైతే మా గాడిదతో వాడేస్తా."

"టీచర్ మనుషులతో అంది, గాడిదలతో కాదు."

"మా కానెలా గాడిదైనా మనుషుల కంటే నయం. నీకంటే మరీ నయం."

అందుకే ఆ గింజలు. ఒక్కో మాట వాడగానే ఒక్కో గింజ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారాలి. సాయంత్రానికి ఎడమ జేబు ఖాళీ అవ్వాలి.

ఇదంతా ఆటే. కానీ ఆ శనివారం ఆట కానిది కూడా ఒకటుంది.

మా సాన్ హసింతో కొండమీదికి ఏటా నవంబరులో మోనార్క్ సీతాకోకచిలుకలు వస్తాయి. మార్చి దాకా ఓయామెల్ చెట్లని పట్టుకుని గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. చూడటానికి వచ్చేవాళ్లని పైకి తీసుకెళ్లేది మా ఊరివాళ్లే. ఎలీహియో తాతకి తెలిసినంతగా ఆ అడవి ఇంకెవరికీ తెలియదు. కానీ ఆయనకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. దూరదేశాల వాళ్లు వస్తే ఇంగ్లీషొచ్చిన కుర్రాళ్లనే పిలుస్తారు. తాత బెంచీ మీద కూర్చుని, వాళ్లు చెట్ల మధ్య కనపడకుండా పోయేదాకా చూస్తూ ఉంటాడు. అది చూస్తే ఫ్లోరిసెల్‌కి ఏడుపొచ్చేది.

అందుకే, తాత చెప్పేది తను ఇంగ్లీషులో చెబుతానని ఊరి కమిటీ పెద్ద ఎర్మెలిందా అత్తని నెల రోజులు పట్టి పీడించింది. గేటు దగ్గర వాళ్లమ్మ టోర్టిల్లాలనే మొక్కజొన్న రొట్టెలు కాలుస్తుంటే, ఐదేళ్లప్పటి నుంచీ అక్కడే కూర్చుని యాత్రికుల ఇంగ్లీషు విన్న పిల్ల మరి. చివరికి అత్త విసిగిపోయి ఒప్పుకుంది.

"ఈ ఒక్కరోజే" అంది పుస్తకంలో పేరు రాస్తూ. "వచ్చినవాళ్లు బాగుందంటే సీజన్ అయ్యేదాకా ప్రతి శనివారం మీ తాతతో వెళ్లు. మొహం మాడ్చుకుని దిగారో, నువ్వు ఇంటికి, మీ తాత బెంచీకి. అర్థమైందా?"

"అయిందత్తా!"

"కాసేపు గెంతడం ఆపు. చూస్తుంటే నాకే ఆయాసం వస్తోంది."

అప్పుడే వ్యాను వచ్చింది. అందులోంచి ఇద్దరు దిగారు. ఒకావిడకి డెబ్బై ఏళ్లుంటాయి, తలకి ఎర్ర ఊలు టోపీ. పేరు డోరీన్. కూడా వచ్చిన పొడుగాటి మనిషి క్రెగ్, ఆవిడ అక్క కొడుకు. కెనడా నుంచి వచ్చారు. వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషే అయినా, ఇక్కడ మీకర్థమయ్యేలా చెబుతున్నాను.

దారి ఎక్కుడుగా ఉంది. తాత ముందు నడుస్తున్నాడు. ఫ్లోరిసెల్ ముందుకి పరిగెత్తి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకి పరిగెడుతోంది.

"మా ఊళ్లో ఇప్పుడు నడుం లోతు మంచు" అన్నాడు క్రెగ్.

"నో వే!" అని అరిచింది ఫ్లోరిసెల్. ఒక గింజ మారింది.

క్రెగ్ నవ్వాడు. "నేను లిఫ్టులు బాగుచేస్తుంటాను. ఇక్కడా ఒకటి ఉంటే బాగుండు."

"ఇంక్రెడిబుల్!" రెండో గింజ.

"నా బూట్లు కొత్తవి. కాస్త కరుస్తున్నాయి" అంది డోరీన్.

"గుడ్ హెవెన్స్!" మూడు.

"పొద్దున్న రెండు టోర్టిల్లాలు తిన్నాను" అన్నాడు క్రెగ్, పిల్ల ఏమంటుందో చూద్దామని.

"అన్‌బిలీవబుల్!" నాలుగు.

"మూడోది కూడా తినాల్సింది."

"అమేజింగ్!" ఐదు.

క్రెగ్ పడీ పడీ నవ్వుతున్నాడు. ఫ్లోరిసెల్ ఉబ్బితబ్బిబ్బైపోయింది. విల్‌ఫ్రిదో మొహం తలుచుకుంది. తాత మాత్రం వెనక్కి తిరిగి చూశాడు.

"ఏంటే తల్లీ, వాళ్లు ఒక మాటంటే నువ్వు కేకేస్తున్నావు? ఏమంటున్నారు?"

"మంచి మాటలే తాతా!"

"వాళ్లనేది అడిగాను. నువ్వనేది కాదు."

కానీ ఫ్లోరిసెల్ అప్పటికే ముందుకి దూకేసింది.

నీళ్లతొట్టి దగ్గర అందరూ ఆగారు. డోరీన్ పడిపోయిన చెట్టు మొద్దు మీద కూర్చుంది. ఫ్లోరిసెల్ మిగిలిన గింజలు లెక్కపెట్టుకుంది. ఐదున్నాయి. 'ఓ మై గుడ్‌నెస్' పైన సీతాకోకచిలుకల దగ్గరికి దాచుకుంది. 'రియల్లీ' మాత్రం ఆమెకి పెద్దగా నచ్చలేదు. అదేం ఆశ్చర్యం? అరవడానికి కూడా వీల్లేదు. మిగిలిన మూడూ ఎలా వాడాలా అని ఒకటే తొందర.

డోరీన్ చేతి గ్లౌజులు తీసి ఒళ్లో పెట్టుకుంది. చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"మా అక్క ఐలీన్, అంటే వీడి అమ్మ, ఈ సీతాకోకచిలుకల కోసం నలభై ఏళ్లు మొక్కలు పెంచింది. జిల్లేడులాగా పాలు కారే మొక్కలు. అవి ఎక్కడికెళ్తాయో ఒక్కసారి చూడాలనేది. కిందటి వేసవిలో చనిపోయింది."

ఇక్కడ ఫ్లోరిసెల్ తలలో ఏం జరిగిందో చెప్పాలి. లేకపోతే మీరు ఆ పిల్లని మరీ చెడ్డది అనుకుంటారు.

మా ఊళ్లో చనిపోయినవాళ్లు ఏటా నవంబరు మొదట్లో ఇంటికొస్తారని నమ్ముతాం. వాళ్ల ఫొటో ముందు బంతిపూలు పోస్తాం, ఇష్టమైనవి వండి పెడతాం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇళ్ల మీదుగా సీతాకోకచిలుకలు వస్తాయి. ఫ్లోరిసెల్ వాళ్లమ్మమ్మ పెత్రోనిలా పోయి రెండేళ్లయింది. రెండేళ్లూ మొదటి సీతాకోకచిలుక కనపడగానే ఇంటిల్లిపాదీ వాకిట్లోకి పరిగెత్తారు. "వచ్చింది! అమ్మమ్మ వచ్చేసింది!" అని చప్పట్లు కొట్టారు.

కాబట్టి ఫ్లోరిసెల్‌కి తట్టింది ఒక్కటే. వేసవిలో పోయిందంటే, నవంబరులో ఐలీన్ ఇక్కడికి వచ్చేసే ఉంటుంది! పాపం, ఆవిడ ఇన్నేళ్లుగా అనుకున్నది తీరిపోయింది! చెయ్యి జేబులోకి వెళ్లింది. చూపు కూడా జేబు మీదికే వెళ్లింది.

"వావ్! ఫెంటాస్టిక్! వాట్ ఎ సర్‌ప్రైజ్!"

మూడు గింజలు ఒకేసారి మారాయి. ఫ్లోరిసెల్ చప్పట్లు కూడా కొట్టింది.

తలెత్తి చూసేసరికి క్రెగ్ నవ్వడం లేదు. డోరీన్ గ్లౌజులు తొడుక్కుంటోంది. వేళ్లు సరిగ్గా దూరడం లేదు.

"కిందికి వెళ్లిపోదాం క్రెగ్" అంది. "నాకింక పైకి రావాలని లేదు."

"సరే పిన్నీ" అన్నాడు క్రెగ్. ఫ్లోరిసెల్ వైపు చూడనే లేదు.

 తాత దగ్గరికొచ్చి ఫ్లోరిసెల్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమయింది? ఏమన్నావే?"

చెప్పింది. ముక్కలు ముక్కలుగా చెప్పింది. తాత అంతా విన్నాడు.

"వాళ్లక్క ఇక్కడికి వచ్చిందనుకుని సంతోషించావు. అంతేనా?"

"అంతే తాతా! ఒట్టు!"

"ఆవిడకి మన సంగతి తెలీదు కదమ్మా. వాళ్ల ఊళ్లో పోయినవాళ్లు రారేమో. ఆవిడ చెప్పేటప్పుడు మొహం చూశావా?"

ఫ్లోరిసెల్ తల దించుకుంది. "గింజలు చూసుకుంటున్నా."

తాత తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది ఫ్లోరిసెల్‌కి. ఆయన వెళ్లి డోరీన్ కూర్చున్న మొద్దుకి రెండో చివర కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. అనడానికి ఆయనకి ఇంగ్లీషు రాదు కదా. ఊరికే కూర్చున్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఫ్లోరిసెల్ అక్కడే నిలబడి ఆలోచించింది. పది మాటలు కంఠతా వచ్చు. అందులో ఒక్కటీ ఇప్పుడు పనికి రాదు. కాళ్లు మాత్రం కిందికి పారిపొమ్మంటున్నాయి. ఎంత తొందరగా దిగితే అంత తొందరగా ఇదంతా అయిపోతుంది.

పారిపోలేదు. వెళ్లి డోరీన్ ముందు నేల మీద కూర్చుంది. బోర్డు మీద లేని, తనకు తెలిసిన ఇంగ్లీషంతా కూడదీసుకుంది.

"క్షమించండి. నేను చెడ్డగా చెప్పాను. నా అమ్మమ్మ, ఆమె కూడా పోయింది. రెండు ఏళ్లు. నవంబర్‌లో ఇవి వస్తాయి. ఇవి వస్తే, మేము అంటాం... అమ్మమ్మ వచ్చింది. మేము సంతోషం. అందుకని నేను అనుకున్నాను, మీ అక్క... ఇక్కడ... వచ్చింది."

అంతకంటే మాటలు దొరకలేదు. చెవులు ఎర్రబడిపోయాయి.

డోరీన్ వేళ్లు గ్లౌజులో సగం దూరి ఆగిపోయాయి. ఆవిడ ఫ్లోరిసెల్ మొహంలోకి చూసింది.

"రియల్లీ?" అంది, చాలా మెల్లగా.

అని ఊరుకుంది. ఇంకేమీ అనలేదు. కళ్లు తిప్పుకోలేదు. ఎదురుచూస్తోంది.

ఆ ఒక్క మాటా, దాని వెనకాల ఉన్న ఆ నిశ్శబ్దమూ ఫ్లోరిసెల్‌కి ఎంత హాయిగా అనిపించాయో! అమ్మమ్మ గురించి చెప్పాలనిపించింది. చెప్పింది కూడా. అమ్మమ్మకి గుమ్మడి హల్వా ఇష్టమని, నిద్రలో కోళ్లని తిట్టేదని, ఆ కొండంతా ఆవిడ చెప్పుల్లేకుండా ఎక్కేదని. మాట దొరకని చోట చేతులతో చూపించింది. కోళ్లని తిట్టడం చూపిస్తుంటే తాతకి అర్థమై ముసిముసిగా నవ్వాడు.

డోరీన్ లేచి నిలబడింది. "ఇంకా ఎంత దూరం?" అని అడిగింది.

"ఇరవై నిమిషాలు" అంది ఫ్లోరిసెల్. ఈసారి ముందుకి పరిగెత్తలేదు. ఆవిడ పక్కనే నడిచింది.

పైన తాడు కట్టిన చోట తాత వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. అక్కడ ఎవరూ మాట్లాడకూడదు. చప్పుడైతే సీతాకోకచిలుకలు బెదిరి లేస్తాయి. ఆ చలిలో అనవసరంగా లేస్తే నేల మీద పడి చచ్చిపోతాయి. మా ఊళ్లో పసిపిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు.

మబ్బు పట్టి ఉంది. చెట్లకి ఎండుటాకుల గుత్తులు వేలాడుతున్నట్టుంది, అంతే. క్రెగ్ ఇవేనా అన్నట్టు తాత వైపు చూశాడు. తాత ఆకాశం వైపు చూపించి, ఆగమని చెయ్యి ఊపాడు.

అందరూ ఆగారు. ఫ్లోరిసెల్ కుడికాలు దానంతటదే ఊగబోతే, ఎడమ కాలితో తొక్కిపెట్టింది.

మబ్బు జరిగింది. చెట్టు మీద ఎండ పడింది. ఆ గుత్తులన్నీ ఒక్కసారిగా రెక్కలు విప్పాయి. చెట్టు చెట్టంతా నారింజరంగైపోయింది. తర్వాత లేచాయి. వందలు, వేలు. రెక్కల చప్పుడు సన్నటి వానలా వినపడింది.

ఫ్లోరిసెల్ పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా 'ఓ మై గుడ్‌నెస్' నాలుక చివరిదాకా వచ్చేసింది. గింజ వేళ్ల మధ్యే ఉంది. కానీ ఆమె పళ్లు బిగబట్టి డోరీన్ మొహం చూసింది.

డోరీన్ ఎర్ర టోపీ మీద ఒక సీతాకోకచిలుక వాలింది. క్రెగ్ దాన్ని చూపిస్తూ ఫొటో తియ్యడం కూడా మర్చిపోయాడు. డోరీన్ కదల్లేదు. ఆవిడ పెదాలు కదిలాయి.

"ఓ" అంది. ఊపిరంత మెల్లగా. "ఓ, ఐలీన్."

ఆ 'ఓ' బోర్డు మీది పదింటిలో లేదు. ఫ్లోరిసెల్ గింజని వేళ్ల మధ్యనుంచి జేబులోకి వదిలేసి, చెయ్యి బయటికి తీసింది.

దిగేటప్పుడు డోరీన్ అంది, "మా అక్క ఒకసారి వంటింటి నిండా గొంగళిపురుగుల్ని పెంచింది, తెలుసా?"

అన్‌బిలీవబుల్, ఇంక్రెడిబుల్, నో వే, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ నోటిదాకా వచ్చేశాయి. ఫ్లోరిసెల్ ముందు ఆవిడ మొహం చూసింది. కళ్లు తడిగా ఉన్నాయి గానీ పెదాలు నవ్వుతున్నాయి.

"రియల్లీ?" అంది.

అని నోరు మూసుకుంది. ఆ పిల్లకి అదెంత కష్టమో నాకు తెలుసు. అడుగులు లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఇంకేదైనా అనేద్దామా? నాలుగు. ఐదు. ఆరు.

ఏడో అడుగులో డోరీన్ మొదలుపెట్టింది. ఇక ఆపలేదు. గొంగళిపురుగులు గడియారం మీదికెక్కిన సంగతి, ఐలీన్ వాటికి పేర్లు పెట్టిన సంగతి. "ఒకటి నా పాలగిన్నెలో పడింది" అన్నాడు క్రెగ్. "అమ్మ నన్ను కాకుండా దాన్ని ఓదార్చింది!" ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

గేటు దగ్గర ఎర్మెలిందా అత్త పుస్తకం, పెన్సిలు పట్టుకుని నిలబడి ఉంది.

"అడుగు. పిల్ల ఎలా చేసిందో ఆవిడనే అడుగు."

తన గురించి తనే అడగాలి. ఫ్లోరిసెల్ అడిగింది. డోరీన్ చెప్పింది.

"పైకెళ్లేటప్పుడు ఈ అమ్మాయి నన్ను చాలా బాధపెట్టింది."

 అత్తకి ఇంగ్లీషు రాదు. తాతకీ రాదు. 'బాగుందంటున్నారు' అంటే చాలు, ఎవరికీ తెలియదు. కాలు ఊగడం మొదలుపెట్టింది. తాత టోపీ చేతిలో పట్టుకుని తనవైపే చూస్తున్నాడు. ఆయన వెనకాల ఆ బెంచీ కనపడుతోంది.

"పైకెళ్లేటప్పుడు నేను చాలా బాధపెట్టానంటున్నారు అత్తా."

అత్త పెన్సిలు ఆగిపోయింది. డోరీన్ చెప్పడం ఇంకా అవలేదు.

"దిగేటప్పుడు మా అక్క గురించి దారంతా మాట్లాడాను. మా ఊళ్లో ఆవిడ మాటెత్తితే అందరూ వేరే సంగతి మాట్లాడతారు. ఈ పిల్ల విన్నది. ఈ పెద్దాయన కూడా నా పక్కన కూర్చున్నాడు. నేను వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది."

ఫ్లోరిసెల్ ఇది కూడా చెప్పింది. మొదటి మాట కంటే దీన్ని చిన్న గొంతుతో చెప్పింది.

ఎర్మెలిందా అత్త కళ్లద్దాల మీది నుంచి చూసింది. "మొదటి ముక్క ఎందుకు చెప్పావే? నువ్వు మింగేస్తే నాకు తెలిసేదా?"

"ఆవిడ చెప్పారు కదత్తా."

అత్త పుస్తకంలో ఏదో రాసింది. చాలాసేపు రాసింది. ఫ్లోరిసెల్‌కి ప్రాణం పోయినంత పనైంది.

"వచ్చే శనివారం ఏడింటికల్లా ఇక్కడుండాలి" అంది చివరికి. "అన్నట్టు, మీ తాతని కూడా తీసుకురా. ఆయన లేకుండా నువ్వు దారి తప్పుతావు."

తాత టోపీ పెట్టుకున్నాడు.

సోమవారం క్లాసులో రోసౌరా టీచర్ అడగ్గానే చేతులు లేచాయి. ఒకరు నాలుగన్నారు, ఒకరు ఆరన్నారు.

"ఫ్లోరిసెల్, నువ్వెన్ని వాడావమ్మా?"

"తొమ్మిది టీచర్." అంది. "అందులో సరిగ్గా వాడింది రెండే. ఒకటి 'నో వే', ఇంకోటి 'రియల్లీ'."

పందెం సంగతి విల్‌ఫ్రిదో ఎత్తుతాడేమోనని చూసింది. వాడు ఎత్తలేదు. పొద్దుట్నుంచీ ఎవరికో ఏదో చెప్పాలని చూస్తున్నాడు గానీ, ఎవరూ ఆగడం లేదు.

"మా కానెలా నిన్న పిల్లని పెట్టింది" అన్నాడు మెల్లగా.

"వావ్!" "అమేజింగ్!" "ఫెంటాస్టిక్!" అంటూ క్లాసంతా గోలగోలగా అరిచింది. అరిచి, ఎవరి పుస్తకాల్లోకి వాళ్లు వెళ్లిపోయారు.

ఫ్లోరిసెల్ బెంచీ మీద వాడి వైపు తిరిగి కూర్చుంది. చేతులు రెండూ జేబుల్లోంచి బయటికి తీసింది. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా నిద్రపోనట్టున్నాడు.

"రియల్లీ?" అంది.

ఒకటి. రెండు. మూడు.

"అదేమైందంటే," అని విల్‌ఫ్రిదో మొదటి నుంచి మొదలుపెట్టాడు.